మంచానికి అటూ ఇటూ

నర్సులున్న గదిలోకి డాక్టరొస్తే నర్సులు లేచి నిలబడాలి. పలాస దాటాక హైవే పక్కనున్న గిలాదు మిషను ఆసుపత్రిలో ఈ రూలు ఎక్కడా రాసిపెట్టి లేదు. రాయాల్సిన అవసరం రాలేదు. నర్సింగ్ స్కూల్లో చేరిన పిల్లకి సత్యమ్మ సిస్టర్ నేర్పే మొదటి పాఠం అదే. సూది పట్టుకోవడం ఆ తర్వాతే.

పల్లె డ్యూటీకని మెడికల్ కాలేజీ వాళ్ళు పంపిన మెడికోలకి సోమవారం పొద్దున్నే ఈ సంగతి తెలిసిపోయింది. ముందు సూర్యప్రకాష్ తరగతి గదిలోకి వెళ్ళాడు. బెంచీల మీదున్న నర్సింగ్ పిల్లలంతా గబుక్కున లేచి, అతను కూర్చున్నాక కూర్చున్నారు. వెనకాలే ఇంకొకడు వెళ్ళాడు. మళ్ళీ లేచారు, మళ్ళీ కూర్చున్నారు. వరండాలో ఉన్న మిగతా మెడికోలకి నవ్వాగలేదు. ఒక్కొక్కళ్ళమే వెళ్దాం అనుకున్నారు. ఒకడైతే పెన్ను మర్చిపోయానని బయటికొచ్చి మరీ రెండోసారి వెళ్ళాడు. ఆ తెల్ల గౌన్ల పిల్లలు గుంజీలు తీస్తున్నట్టు లేస్తూ కూర్చుంటూనే ఉన్నారు. కాబోయే డాక్టర్లకి ఇంతకంటే మంచి కాలక్షేపం ఆ పల్లెటూళ్ళో ఏముంటుంది!

ప్రమోదిని అందరికంటే ఆఖర్న వెళ్ళింది. కావాలనే. గుమ్మంలో ఒక్క క్షణం ఆగి స్టెతస్కోపు సర్దుకుంది కూడా. అందరూ లేచారు. కిటికీ పక్కన కూర్చున్న బక్కపిల్ల ఒక్కతే లేవలేదు.

"ఏం, కాళ్ళు నొప్పులా?" అన్నాడు సూర్యప్రకాష్ వెనక బెంచీ నుంచి.

"నొప్పులే. ఇన్నిసార్లు లేపితే నొప్పులు రావేటి?" అంది ఆ పిల్ల తల తిప్పకుండానే.

గదిలో కిసుక్కుమని ఎవరో నవ్వారు. నవ్విందెవరో ప్రమోదినికి తెలియలేదు గానీ, నవ్వు తన మీదే అని తెలిసింది. ముఖం వేడెక్కిపోయింది. అంతమంది లేచి నిలబడ్డారన్నది ఆమె కంటికి ఆనలేదు. లేవని ఆ ఒక్కతే ఆనింది.

"షైనీ! లెగు!" అని అరిచింది బోర్డు దగ్గర నుంచి సత్యమ్మ సిస్టర్. "డాక్టరమ్మగారొత్తే కూకుంటావా? ఏటా పొగరు? క్లాసయినదాకా అలగే నిలబడుండు." ఆ వెంటనే ప్రమోదిని వైపు తిరిగి, అంత పెద్దావిడా చేతులు నలుపుకుంటూ, "ఏటీ అనుకోకండమ్మా, మూడో సంవత్సరం పిల్లే, ఇలగెప్పుడూ సెయ్యలేదు," అంది.

షైని లేచి నిలబడింది. నిలబడి ప్రమోదినినే చూసింది. ఆ చూపులో లొంగుబాటు మచ్చుకైనా లేదు.

సూపరింటెండెంటు డాక్టర్ రూబెన్ వచ్చేసరికి ఆ పిల్ల ఇంకా నిలబడే ఉంది. ఆయన మంచివాడు. మంచివాళ్ళకి చాలామందికి ఉన్నట్టే ఆయనకీ ఎదురుగా జరుగుతున్నది కనబడదు. ఏదో సందేహం అడగబోతోందనుకుని, "అడుగమ్మా, అడుగు," అన్నాడు ఉత్సాహంగా.

"ఏటీ నేదు సార్," అంది షైని.

ఆయన వెల్లూరులో ఏదో శిబిరానికెళ్ళొచ్చిన దగ్గర్నుంచి ఒకటే మాట పట్టుకున్నాడు. డాక్టర్లూ నర్సులూ విడివిడిగా చదివి, విడివిడిగా పెరిగి, ఉద్యోగంలో చేరాక మాత్రం కలిసి పని చేయమంటే ఎలా చేస్తారు? ముందే కలిపి కూర్చోబెట్టాలి. అందుకని ఒక్కో రోగికి ఒక మెడికోనీ, ఒక నర్సింగ్ విద్యార్థినినీ జతకట్టాడు. శనివారం ఇద్దరూ కలిసి ఆ కేసు గురించి చెప్పాలి. మార్కులు ఇద్దరికీ ఒకటే.

"మందులు రాసేది మేము," అన్నాడాయన. "పేషెంటు ఏం తినాలి, ఏం తాగాలి, ఏది ముట్టుకోకూడదు అన్నది మాత్రం మీ ఇద్దరూ మంచం దగ్గర కూర్చుని ఇంటివాళ్ళకి చెప్పాలి. ఒకళ్ళు చెప్పి ఒకళ్ళు ఊరుకోవడం కాదు. ఇద్దరూ కలిసి."

నర్సులతో కలిపి మార్కులా అని మెడికోలు బెంచీల కింద కాళ్ళు రుద్దారు. జతల పేర్లు చదువుతుంటే ప్రమోదిని పేరు పక్కన షైని పేరు వచ్చింది. ఎవడో వెనక నుంచి ఈల వేశాడు.

*

పెంటయ్య మంచం మగవాళ్ళ వార్డులో చిట్టచివరిది. ప్రమోదిని మంచానికి కుడివైపు నిలబడింది, షైని ఎడమవైపు. అలా నిలబడమని ఎవరూ చెప్పలేదు గానీ, ఆ వారమంతా అవే వాళ్ళ చోట్లయిపోయాయి.

పెంటయ్యకి నలభై దాటి ఉండవు. కొబ్బరిచెట్లెక్కి కాయలు దింపడం పని. అరికాళ్ళు చెక్కలా గట్టిబడి ఉన్నాయి. వాటి పైన చీలమండలు నీరుపట్టి ఉబ్బాయి. ఈ ఉద్దానం పల్లెల్లో ఎంతోమందికి పోయినట్టే అతనికీ కిడ్నీలు పోయాయి. వైజాగ్ పెద్దాసుపత్రిలో డయాలసిస్‌కి వచ్చే సోమవారం చోటు దొరికింది.

"అప్పటిదాకా ఇతన్ని నిలబెట్టుకోవడమే మన పని," అన్నాడు రూబెన్ వాళ్ళిద్దరితో. "రక్తంలో పొటాషియం పెరక్కూడదు. పెరిగిందా, గుండె ఆగిపోతుంది. గుర్తుంచుకోండి."

ఇద్దరూ తలలూపారు. ఏమేం తాగితే అది పెరుగుతుందో ఇద్దరూ చదువుకున్నదే. ఆ సంగతిలో ఎవరికీ ఎవరూ తీసిపోరు.

ఆయన వెళ్ళాక షైని బీపీ చూసి, "నూట డెబ్బై, నూట పది," అంది. ప్రమోదిని విననట్టే పట్టీ విప్పి, రెండో చేతికి చుట్టి తనే మళ్ళీ చూసింది. అంతే ఉంది. అయినా "నూట అరవై ఎనిమిది," అంది.

"రెండు తగ్గినాది," అంది షైని. "మీ సెవులు మా సెవులకన్నా ఎక్కువ సదూకున్నాయి గదా మేడమ్."

ప్రమోదినికి పొద్దుటి కోపమంతా ఒక్కసారిగా పొంగుకొచ్చింది. "చూడు. నేనడిగినప్పుడే చెప్పు. అడక్కుండా నోరు తెరవకు. పేషెంటు ముందు అసలే తెరవకు. అర్థమైందా?"

"అర్తమైనాది మేడమ్. ఇంక తెరవను."

ఆ పిల్ల మాట మీద నిలబడే రకమని ప్రమోదినికి అప్పటికి తెలియదు.

పెంటయ్య భార్య కాంతం మంచం కాళ్ళ దగ్గర కూర్చుని ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తోంది. పెద్ద చదువుల వాళ్ళ మాటలు మనకెందుకని ఊరుకుని, కాస్త సద్దుమణిగాక, "ఏ ఊరమ్మా మీది?" అని అడిగింది ప్రమోదినిని.

"జలంత్రకోట."

"ఓలమ్మ! మనోలే! మాది మీ పక్కూరే తల్లీ." కాంతం ముఖం విప్పారింది. మొగుడి భుజం తట్టి మరీ చెప్పింది. "ఇన్నావా, మనేపు పిల్లంట. ఇంక మనకేటి బయం?"

ప్రమోదిని మొహమాటంగా నవ్వింది. కాలేజీలో చేరిన దగ్గర్నుంచీ పట్నం మాటలే మాట్లాడుతోంది. కాంతం యాస అచ్చంగా వాళ్ళమ్మది. అవతలి పక్క షైని వింటోందని తెలిసి, "సరేనండీ, నీళ్ళు ఎక్కువ ఇవ్వకండి," అని కొత్తవాళ్ళతో అన్నట్టు అనేసి వచ్చేసింది.

*

మంగళవారం రౌండ్స్‌లో రూబెన్ అడిగాడు. "పథ్యం సంగతి చెప్పారా ఇద్దరూ?"

"చెబుతున్నాం సార్," అంది ప్రమోదిని. షైని ఫ్యాను వైపు చూస్తూ నిలబడింది. ఆయనకి తొందర. బయట ఓపీలో జనం కిటకిటలాడుతున్నారు. వెళ్ళిపోయాడు.

చెప్పాలంటే ఇద్దరూ కలిసి కూర్చోవాలి. కూర్చోవాలంటే ఒకళ్ళు రెండో వాళ్ళని రమ్మనాలి. నేనెందుకు పిలవాలి అనుకుంది ప్రమోదిని. కావాలంటే అదే వచ్చి అడుగుతుంది, మేడమ్ ఎప్పుడు కూర్చుందామని. అడగడం దాని పని. వార్డు రెండో చివర మందుల ట్రే సర్దుకుంటూ షైని కూడా అచ్చంగా అలాగే అనుకుంటోందని ఆమెకి తెలియదు. తెలిసినా పిలిచి ఉండేది కాదు.

సాయంత్రం హైవే మీద టీ కొట్టు దగ్గర మెడికోలంతా చేరారు. సూర్యప్రకాష్ కొత్తగా కొన్న కెమెరా సెల్‌ఫోన్లో, నర్సింగ్ పిల్లలు లేస్తూ కూర్చుంటున్న బొమ్మలు అందరికీ చూపిస్తున్నాడు.

"మీ సిస్టర్ ఎలా ఉంది ప్రమోదినీ? నీ పక్కన కుర్చీ వేసుకుందా లేదా?" అన్నాడొకడు.

"దాని మొహం," అంది ప్రమోదిని.

"నవ్వులాట కాదు," అన్నాడు సూర్యప్రకాష్ ఫోను జేబులో పెట్టుకుంటూ. "ఇవాళ ఇక్కడ ఒప్పుకుంటే రేపు కాలేజీలో పెడతారు. ఎల్లుండి నర్సులు మనకి క్లాసులు చెబుతారు. శనివారం ఒక్క కేసులో వాళ్ళ పని ఎంత అధ్వాన్నంగా ఉందో అందరి ముందూ బయటపెడితే చాలు. ముసలాయన ఈ పిచ్చి అక్కడితో వదిలేస్తాడు. మన డీన్‌కీ చెప్పడానికి ఉంటుంది."

ప్రమోదిని టీ గ్లాసు తిప్పుతూ వింది. మాట నచ్చింది. ఇంత కష్టపడి సీటు తెచ్చుకున్నది ఆ పిల్లతో బెంచీ పంచుకోవడానికా? గుమ్మంలో నిలబడ్డ తనని అది చూసిన చూపు గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతోంది.

*

బుధవారం మధ్యాహ్నం పలాస బస్సులో పెంటయ్య ఊరివాళ్ళు వచ్చారు. గోనె సంచీ నిండా కొబ్బరి బొండాలు తెచ్చారు. వార్డులోకి కత్తి రానివ్వరని ఇంటి దగ్గరే పైతొక్క చెక్కి మరీ తెచ్చారు.

ఉద్దానంలో రోగిని చూడ్డానికి వట్టి చేతుల్తో ఎవరూ రారు. జ్వరానికీ బొండమే, వాంతులకీ బొండమే, ఎండదెబ్బకీ బొండమే. ప్రమోదినికి చిన్నప్పుడు ఆటలమ్మ పోస్తే వాళ్ళ నాన్న తోటలో లేతచెట్టు చూసి గెల మొత్తం దింపించాడు. ఇక్కడి వాళ్ళకి అంతకంటే మేలు చేసేది ఈ భూమ్మీద ఇంకోటి లేదు. అదే కిడ్నీ పోయినవాడికి విషం. అందులో ఉన్నంత పొటాషియం మామూలు నీళ్ళలో ఎక్కడ?

ఆమె వార్డులోకి వచ్చేసరికి కాంతం చెంచా కాడతో బొండం కన్ను పొడిచి, స్టీలు గ్లాసులోకి ఒంపుతోంది. పెంటయ్య తల పైకెత్తి రెండు గుక్కలు తాగించింది. అతను కళ్ళు మూసుకుని, హమ్మయ్య అన్నట్టు ఊపిరి వదిలాడు.

"నీళ్ళు మాత్రం మించనియ్యడం నేదమ్మా," అంది కాంతం ప్రమోదినిని చూసి, శాస్త్రం తప్పని మనిషిలా. "డాక్టరుబాబు సెప్పినంతే. పాపం నోరెండిపోతందని ఇది పడతన్నాను. నువ్వూ ఒకటి తాగు తల్లీ. మనూరి నీళ్ళే."

ప్రమోదిని నోరు తెరిచింది. అప్పుడే అవతల షైని కనబడింది. మంచానికి ఎడమవైపు వంగి, ఇటు చూడకుండా మూత్రం సీసా తీస్తోంది. రోగి ఏం తాగాడో, ఎంత తాగాడో చూసుకోవాల్సింది నర్సింగ్ వాళ్ళు. మంచం కింద అంత గోనె సంచీ ఉంటే దీనికి కనబడలేదా? తెరిచిన నోరు మూతపడింది. శనివారం అందరూ ఉంటారు. రూబెన్ సార్ ఉంటారు, సత్యమ్మ సిస్టర్ ఉంటుంది. అప్పుడు అడగాలి దీన్ని, మంచం కింద ఏముందో చూశావా అని. అప్పుడు లేచి నిలబడుతుంది, బాగా నిలబడుతుంది.

రెండు గుక్కలకి ఏమైపోతుందిలే అనుకుంది. అనుకున్నాక మనసు తేలికపడింది కూడా.

"నాకొద్దండీ, మీరుంచుకోండి," అని కాంతంతో అని, చిన్నగా నవ్వి, నాడి చూసి వెళ్ళిపోయింది.

శుక్రవారానికి గోనె సంచీ సగానికి దిగింది. "కాళ్ళు సచ్చుబడిపోతన్నాయమ్మా," అన్నాడు పెంటయ్య. "లేత్తామంటే లెగలేపోతన్నాను." ప్రమోదిని అతని మోకాలి మీద చెయ్యి వేసింది. తల ఎత్తేసరికి ఎదురుగా షైని. సోమవారం తర్వాత ఇద్దరి చూపులూ కలిసింది అప్పుడే. షైని పెదవి కదిలింది. ప్రమోదినికీ గొంతులో ఏదో మాట వచ్చింది. ఇంకొక్క రోజే కదా అనుకుని ఆమె చూపు తిప్పేసుకుంది. షైని ట్రే తీసుకుని వెళ్ళిపోయింది.

*

శనివారం పొద్దున్న అందరూ తరగతి గదికి బయల్దేరుతుండగా వార్డులోంచి కేక వినబడింది. పెంటయ్య తల ఒక పక్కకి వాలిపోయింది. పిలిస్తే పలకడం లేదు. నాడి ఎక్కడో లోతున, ఉండుండి ఒకసారి తగులుతోంది. రూబెన్ పరుగున వచ్చాడు. ఈసీజీ కాగితం చూడగానే ఆయన ముఖం పాలిపోయింది.

"కాల్షియం! త్వరగా!"

ఇంజెక్షను షైని అందించింది, ఇచ్చింది ప్రమోదిని. మాటలతో పని పడలేదు. రూబెన్ గ్లూకోజులో ఇన్సులిన్ కలిపి ఎక్కించాడు. కాసేపటికి నాడి దగ్గరపడింది. పెంటయ్య కళ్ళు తెరిచి, "కాంతం ఏదీ?" అన్నాడు. కాంతం పెరట్లో కుళాయి దగ్గర బట్టలుతుకుతోంది. ఆమెకింకా ఏమీ తెలియదు.

రూబెన్ నుదురు తుడుచుకుంటూ వెనక్కి జరిగితే కాలికి గోనె సంచీ తగిలింది. వంగి చూశాడు. చాలాసేపు అలాగే చూశాడు.

"సోమవారం దాకా ఆగడానికి లేదు. వ్యాను తీయించండి, ఇప్పుడే వైజాగ్ పంపిద్దాం," అన్నాడు చివరికి. డ్రైవరు డీజిలు కోసం పలాస వెళ్ళాడు, అరగంట పడుతుందన్నారు. రోగిని, సామాన్ని వరండాలోకి చేర్చి సిద్ధం చేయమని స్టాఫ్ నర్సుకి చెప్పాడు. "మిగతావాళ్ళంతా క్లాసుకి రండి."

గదిలో ఆ పొద్దు ఎవరూ ఎవరి కోసమూ లేవలేదు. ఎవరికీ ఆ ధ్యాస లేదు.

"ఆ మంచం కింద బొండాలున్నాయి," అన్నాడు రూబెన్. "ఎన్నాళ్ళ నుంచి ఉన్నాయి?"

సూర్యప్రకాష్ సమయం చూసి లేచాడు. "సార్, పేషెంటు తాగేవి చూసుకోవాల్సింది నర్సింగ్ వాళ్ళు. మావాళ్ళకీ దీనికీ సంబంధం లేదు. ఇలాంటివి జరుగుతాయనే ఈ కలిపి చదవడాలు వద్దని మేం మొదట్నుంచీ..."

సత్యమ్మ సిస్టర్ అతన్ని పూర్తి చేయనివ్వలేదు. "తప్పు మా పిల్లదే సార్," అంది గబగబా. "మొదటి రోజే సూసినాను దీని పొగరు. ఇలాంటిదాన్ని ఉంచుకుంటే స్కూలుకే సెడ్డపేరు. సామాను సర్దించి ఇంటికి పంపించేత్తాను."

తన పిల్ల ఏం చెబుతుందో వినాలని కూడా ఆవిడకి తోచలేదు. డాక్టర్ల ముందు తప్పొప్పుకోవడం ఆవిడకి అంతగా అలవాటు.

షైని తనంతట తనే లేచింది. ఏడుస్తుందనుకున్నారు అందరూ. ఏడవలేదు.

"బొండాలు నాను సూసినాను సార్. లచ్చివారమే సూసినాను. సూసి ఊరుకున్నాను." ఆ పిల్ల ప్రమోదిని వైపు చెయ్యి చూపించింది. "అడక్కుండా నోరు తెరవొద్దన్నారు మేడమ్. సరే, తెరవను అనుకున్నాను. ఇయ్యాల క్లాసులో అందరి ముందూ ఈవిణ్ణి అడగాలని అట్టిపెట్టుకున్నాను, మీరు డాక్టరు గదా, మంచం కిందేటున్నదో మీకు కనబళ్ళేదా అని."

ప్రమోదిని తల ఎత్తి చూసింది. తను మనసులో కూడబెట్టుకున్న మాటే అది. అక్షరం పొల్లు పోకుండా ఆ పిల్ల నోట్లోంచి వస్తోంది.

సూర్యప్రకాష్ గెలిచినట్టు చుట్టూ చూశాడు. "విన్నారుగా సార్," అన్నాడు. ప్రమోదిని వైపు తిరిగి కళ్ళతోనే ఊరుకో అన్నాడు. ఊరుకుంటే సరిపోతుంది. ఆ పిల్ల ఈ సాయంత్రమే పెట్టె సర్దుకుని వెళ్ళిపోతుంది. గుమ్మం దగ్గర తనని అలా చూసిన పిల్ల.

"నేను బుధవారమే చూశాను," అంది ప్రమోదిని.

లేచి నిలబడ్డానన్న సంగతి కూడా ఆమెకి తెలియలేదు. "తాగిస్తుంటే చూశాను. నేనూ ఇవాళ ఈ అమ్మాయిని అడగాలనే చెప్పకుండా ఉంచాను. ఆవిడ నాకూ ఒకటివ్వబోయింది. మీరుంచుకోండని చెప్పి వచ్చేశాను."

షైని చివ్వున తల తిప్పి ఆమెను చూసింది. ఆ చూపులో కృతజ్ఞతలాంటిదేమీ లేదు. మరింత అసహ్యం ఉంది. నేను గురువారం చూస్తే నువ్వు ఒక రోజు ముందే చూశావా అన్నట్టుంది.

రూబెన్ కుర్చీలో కూలబడ్డాడు. "మంగళవారం నేనడిగితే చెబుతున్నామన్నారు. నేను ఆగి వినలేదు. నాదీ తప్పే," అన్నాడు. తర్వాత ఆయన మెల్లగా అడిగాడు. "సరే. ఇప్పుడైనా చెప్పారా ఆమెకి? కాంతంకి?"

మెడికోలు నర్సుల్ని చూశారు, నర్సులు మెడికోల్ని చూశారు. ఎవరి తప్పో తేల్చడానికి ఇంతసేపు పట్టింది. ఇంతసేపట్లో ఆమెకి చెప్పాలని ఎవరికీ తోచలేదు.

ప్రమోదిని, షైని ఒకేసారి గుమ్మం వైపు పరిగెత్తారు. గుమ్మంలో ఒకళ్ళనొకళ్ళు తోసుకున్నారు కూడా.

*

వ్యాను వచ్చి వరండా ముందు ఆగి ఉంది. పెంటయ్యని స్ట్రెచరుతో సహా లోపలికి ఎక్కించారు. స్టాఫ్ నర్సు ఆక్సిజన్ సిలిండరు కోసం లోపలికెళ్ళింది. కాంతం మొగుడి తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తడి చీర కుచ్చెళ్ళింకా పిండుకోలేదు. రోగి సామానని గోనె సంచీ కూడా ఆయా తెచ్చి వ్యానులో పెట్టింది. చక్రం దగ్గర ఖాళీ బొండం ఒకటి పడి ఉంది.

"పట్టకు! పట్టకు!" అని అరిచింది షైని.

కాంతం అయోమయంగా చూసింది. "ఏటమ్మా? దూరాబారం పోతన్నాం, దారిలో నోరెండిపోద్దని ఇప్పుడే ఒకటి పట్టినాను. ఏం, పట్టకూడదా?"

"పట్టకూడదు. కిడ్నీ జబ్బుకి అది పనికిరాదు. గుండె ఆగిపోతుంది," అంది ప్రమోదిని. వారం పొడుగునా ఎప్పుడైనా అనగలిగిన మాట. అనడానికి ఒక్క ఊపిరి కూడా పూర్తిగా పట్టలేదు.

కాంతం చేతిలోని గ్లాసు కింద పెట్టేసింది. తాను ముట్టుకోకూడనిది ముట్టుకున్నట్టు చెయ్యి చీరకి తుడుచుకుంది. "నువ్వు సూసినావు గదమ్మా," అంది ప్రమోదినితో. షైని వైపు తిరిగి, "నువ్వూ సూసినావు. ఇద్దరూ సూసి, ఏటీ అనకుండా ఎల్లినారు. సెడ్డదైతే ఇద్దర్లో ఒకలైనా అంతారు గదా, అననేదంతే మంచిదే గావాల అనుకున్నాను."

రూబెన్ వచ్చి విషయం విని, మందుల పెట్టె పట్టుకుని వ్యాను ఎక్కాడు. ప్రమోదిని, షైని చెరో పక్కా ఎక్కారు. హైవే మీద లారీలు దాటుకుంటూ డ్రైవరు తోలగలిగినంత వేగంగా తోలాడు. పలాస దాటి కాస్త దూరం పోయేసరికి నాడి మళ్ళీ జారిపోయింది. ఉన్న కాల్షియమంతా ఎక్కించారు. టెక్కలి పొలిమేరలో రోడ్డు పక్కన వ్యాను ఆపించి, రూబెన్ పెంటయ్య గుండె మీద రెండు చేతులూ వేసి నొక్కాడు. ఆయన చేతులు పడిపోతే ప్రమోదిని నొక్కింది. ఆమె అలసిపోతే షైని నొక్కింది. పక్కనే బస్సుల కోసం నిలబడ్డ జనం వ్యాను చుట్టూ మూగారు.

పెంటయ్య టెక్కలి దాటలేదు.

రూబెన్ దిగివెళ్ళి ముందు సీట్లో డ్రైవరు పక్కన కూర్చున్నాడు. వ్యాను వెనక్కి తిరిగింది. కాంతం రోడ్డు మీద గుండెలు బాదుకుని ఏడ్చి ఏడ్చి, పలాస దగ్గరపడేసరికి గొంతు పోయి ఊరుకుంది. మొగుడి మీద దుప్పటి తొలగకుండా కాళ్ళ దగ్గర చెయ్యేసి పట్టుకుంది. ఆ మంచానికి అటొకరూ ఇటొకరూ ఉన్నట్టే ప్రమోదిని, షైని స్ట్రెచరుకి అటూ ఇటూ కూర్చున్నారు. ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూడలేదు.

"అది సెడ్డదని మీ ఇద్దరికీ ఎరికేనా?" అని అడిగింది కాంతం ఉన్నట్టుండి. గొంతులో కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టుంది.

ప్రమోదిని తలూపింది. షైని కూడా ఊపింది.

"మరి నాకు సెప్పకపోతే పోనీ. మీలో మీరైనా సెప్పుకోనేదేటమ్మా? మీ ఇద్దరికీ మాటల్నేవా?"

"నేవు," అంది షైని తల వంచుకుని.

"నేవమ్మా," అంది ప్రమోదిని.

కాంతం ఒకళ్ళనీ, తర్వాత రెండో వాళ్ళనీ చూసింది. ఇద్దరూ తన కూతుళ్ళ వయసు వాళ్ళే.

"మాకైతే గట్టు తగువులుంతాయి, కుళాయి తగువులుంతాయి, మాటలు మానేత్తాం," అంది. "మీకేటొచ్చినాదమ్మా తగువు?"